కాటా, పుట్టుకా?

జూన్ 2

అక్కా,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావో లేదో నువ్వు రాస్తేగాని తెలియదు. ఫోను పనిచెయ్యని చోటు వెతుక్కుని మరీ ఉద్యోగంలో చేరావు, ఉత్తరాలైనా సరిగ్గా రాయవు. పోయినసారి రెండు పేజీల్లో డ్యాము నీటిమట్టం ఉంది, నీ ఊసు మాత్రం లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆదివారం కళ్ళజోళ్ళ కొట్టుకి సెలవు కదా, వెనక గదిలో అద్దాలు అరగదీసే బల్ల మీద గుడ్డ పరిచి ఆట ఆడుతున్నాం. చిన్నప్పుడు నువ్వు కనిపెట్టిన ఆటే. నీ నీలం అట్ట నోటుబుక్కులో ఏం రాసి ఉంటే అదే మాకు చట్టం. నేను కథ నడుపుతాను, కొరియర్ కుర్రాడూ లెక్కల టీచరూ చెరో పాత్ర వేస్తారు. కొరియర్‌ది గంట మోగించేవాడి పాత్ర. టీచర్‌ది మందులు నూరే ముసలమ్మ. పోయిన ఆదివారం అడవిలో గంటవాణ్ణి పున్నమికి తోడేలుగా మారే మనిషి ఒకడు కరిచాడు. పాచిక వేశాం, తప్పించుకోలేకపోయాడు.

ఇప్పుడేం చెయ్యాలో నాకు పాలుపోవడం లేదు. కొరియర్ భయపడాలి కదా, పడితేనా! ఎగిరి గంతేశాడు. "అంటే నాకు బలం రెట్టింపే కదా? గోళ్ళు కూడా వస్తాయా?" అని షీటు మీద అప్పుడే దిద్దేసుకుంటున్నాడు. వాడి పాత్ర బలం, తెలివి, సంచిలో సామాను అన్నీ ఉండే కాగితం అది, వాడికి ప్రాణం. శాపం ఇస్తే బహుమతి అనుకునేవాడితో ఎలా వేగాలి? నా తల ప్రాణం తోకకొచ్చింది. తోడేలు గురించి రాస్తూ ఈ మాట వాడకూడదేమో.

నోటుబుక్కులో దీని గురించి ఉన్నది ఒక్క ముక్క: "తోడేలు జబ్బు కాటు వల్లే వస్తుంది. పుట్టుకతో రాదు." కింద రెండు గీతలు. టీచరు అది చదివి కళ్ళజోడు సర్దుకుని, "అయితే మొదటి తోడేలుని ఎవరు కరిచారండీ?" అంది. జవాబు నువ్వే పంపు.

కొట్లో మరలు పట్టుకునే చిన్న పట్టకారు, చిమటా, కొత్తది తెచ్చారు. దరిద్రపు చిమటా, మరలు పట్టుకుంటే చాలు జారిపోతున్నాయి. నిన్న ఒక్కరోజే ఏడు మరలు నేల మీద వెతికాను. యజమాని పైనుంచి చూసి, "ఏం, అక్కడేమైనా పంట వేశావా?" అంటున్నాడు.

నీ తమ్ముడు


జూన్ 12

ఒరేయ్ నత్తా,

నీ వంతు వస్తే పావుగంట ఆలోచించేవాడివని ఆ పేరు పెట్టాను. ఇప్పుడు కథ నడిపేవాడివి అయ్యాక నువ్వే తొందరపడుతున్నావు.

నా సంగతి రాయమన్నావు కదా. డ్యాము గోడ మీద ఒక గది, గదిలో ఒక మంచం, ఒక రిజిస్టరు, మూడు గంటలకోసారి నీళ్ళ దగ్గరికి దిగి కొలబద్ద చూసి రావడం. మెట్లు నూట పన్నెండు. గురువారం జీపులో సరుకులూ టపా వస్తాయి. వైర్‌లెస్ ఉంది కానీ అందులో నీళ్ళ గురించి తప్ప మాట్లాడకూడదు. చాలా?

ఇక నీ తోడేలు. మొదట కొరియర్‌ని విడిగా కూర్చోబెట్టి అడుగు, "నీ పాత్ర కొన్నిసార్లు నీ చేతిలో ఉండదు, నీకు ఇష్టమేనా?" అని. వద్దంటే ఆ కాటు కథ అక్కడితో ముగించెయ్. మనిషిని అడక్కుండా వాడి పాత్రని లాక్కోవడం ఆట కాదు, దొంగతనం. సరేనంటే అసలు నియమం ఇది: ఆటలో పున్నమి రాగానే వాడు షీటు నీ చేతికి ఇచ్చెయ్యాలి. ఆ పున్నమి అయ్యేదాకా గంటవాణ్ణి నువ్వు ఆడతావు. వాడు ఖాళీ చేతులతో కూర్చుని, చెవులు మూసుకుని ఉండాలి. ఆటలో తెల్లవారాక షీటు తిరిగి ఇచ్చి ఏం జరిగిందో చెప్పు. బలం రెట్టింపు చెయ్యి, ఏం ఫర్వాలేదు. ఆ బలం వాడు వాడుకోలేడు కాబట్టి దాన్ని బహుమతి అనుకోడు. ఇంకోటి, తోడేలు ఎవరినో పరాయివాళ్ళని కరిస్తే వాడికి నొప్పి ఉండదు. వాడికి కావలసినవాళ్ళ జోలికి వెళ్ళాలి.

తర్వాత ముసలమ్మ చేత ఏదో ఆకు వెతికించి జబ్బు నయం చేయించెయ్. నాలుగు ఆదివారాలు సరిపోతాయి.

నియమం జోలికి మాత్రం పోకు. టీచరు ఎన్ని అడిగినా సరే. మొదటి తోడేలుని ఎవరు కరిస్తే ఆవిడకెందుకు?

ఉత్తరం ఏదైనా కదిలే బండిలో రాశావా? అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పెన్ను మార్చు.

అక్క


జూన్ 22

అక్కా,

పెన్ను మార్చాను. అక్షరాలు మారలేదు, కాబట్టి పెన్ను తప్పేం లేదు. బల్లదీ తప్పు కాదంటున్నారు మావాళ్ళు. ఆట మధ్యలో బల్ల ఊగుతోందని కొరియర్ కిందికి తొంగి చూశాడు. నా కాలేనట. "అన్నా, నీ కాలు బస్సెక్కిందా?" అన్నాడు. అప్పటి నుంచి నేను కూర్చోగానే ఇద్దరూ "టికెట్, టికెట్" అంటారు. పాచికలు కూడా నేను వేస్తేనే కింద పడుతున్నాయి. కింద పడ్డ పాచిక చెల్లదని నియమం పెట్టారు. అది నన్ను చూసి పెట్టిన నియమమే.

నువ్వు చెప్పినట్టే చేశాను. అడిగాను, సరేనన్నాడు. పున్నమి వచ్చింది, షీటు తీసుకున్నాను. అక్కా, అప్పటిదాకా నోరు మూతపడని మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తడుముకుని, ఆఖరికి చెవులు మూసుకుని కూర్చున్నాడు. తోడేలు చేత ముసలమ్మ చెయ్యి కొరికించాను. తెల్లవారాక షీటు ఇచ్చి చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. "నేనా? నేనలా చెయ్యను" అన్నాడు.

నాకు నాన్న గుర్తొచ్చాడు. కరెంటు స్తంభం మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలాక నాన్న ఎలా అయిపోయాడో! చేతులూ కాళ్ళూ వాటి దారిన అవి ఆడేవి, ఉన్నట్టుండి కోపం వచ్చేది. అమ్మ మీదికి కుర్చీ విసిరిన మర్నాడు అమ్మ నుదుటి మీద కట్టు చూసి అచ్చం అదే మాట అన్నాడు. అమ్మ, "మీరు కాదులెండి, తలుపు తగిలింది" అంది. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు.

అదలా ఉంచు. ఒక మంచి సంగతి. టీచరు భలే ఉపాయం చెప్పింది. గంటవాడి నాయనమ్మ కూడా తోడేలేనట! ఆ రక్తం వాడిలో ముందే ఉంది, కాటు ఉత్త సాకు. అది తెలిశాక ఇక ఏ ఆకూ పనిచెయ్యదు. కథ ఒక్కసారి ఎక్కడికో వెళ్ళిపోయింది, కొరియర్ కళ్ళల్లో నీళ్ళు. అందుకని నోటుబుక్కులో నీ వాక్యం కొట్టేశాను, ఎర్ర పెన్నుతో. కోపం తెచ్చుకోకు, నియమాలు పెరగాలి కదా.

ఒకటి అడుగుతాను. అమ్మ పోయి నెల తిరక్కుండానే నువ్వు వెళ్ళిపోయావు. అమ్మ బీరువా గురించి ఆరోజు నేను అరిచాను, తలుపు అద్దం పగిలింది, అందుకేనా? అంత కోపం నాకెందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. బీరువా నాకేం అక్కర్లేదు, తీసుకుపో.

నీ నత్త


జూలై 3

ఎవరిని అడిగి కొట్టేశావు?

అది నా నోటుబుక్కు. ఆ వాక్యం రాసినప్పుడు నాకు పద్నాలుగు, నీకు తొమ్మిది. ఎందుకు రాశానో నీకు గుర్తు లేదు, నాకు ఉంది. మళ్ళీ రాసెయ్. నాయనమ్మా లేదు, రక్తమూ లేదు, గంటవాణ్ణి తోడేలు కరిచింది, అంతే. ఆకు దొరకాలి, వాడికి నయం కావాలి. ఈ ఆదివారమే కావాలి.

ఉత్త ఆటే కదా అని మాత్రం రాయకు.

బీరువా గురించి కాదు.

అక్క


జూలై 14

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట ఒళ్ళు మండింది. నా మనుషుల ముందు, నా ఆటలో, నా కథకి నువ్వు డ్యాము మీద కూర్చుని ఆర్డర్లు వెయ్యడమేమిటి అనుకున్నాను. జవాబుగా ఒక ఉత్తరం రాశాను కూడా. అది పంపలేదు. ఎందుకు పంపలేదో చెబుతాను.

ఆట సామాను పెట్టుకుందామని నీ అర ఖాళీ చేస్తుంటే పాత డైరీలో ఒక చీటీ దొరికింది. రక్తపరీక్షల కేంద్రం వాళ్ళది, నీ పేరు మీద. "వంశపారంపర్య వ్యాధి పరీక్ష. ఫలితం తీసుకోవడానికి కుటుంబసభ్యులలో ఒకరితో రావలెను." రమ్మన్న తేదీ చూశాను. నువ్వు వెళ్ళిపోవడానికి ఎనిమిది రోజుల ముందు.

వంశం ఏమిటి, వ్యాధి ఏమిటి, నాకు అర్థం కాలేదు. టీచరు చేతికిచ్చాను. నాన్న సంగతి మొత్తం చెప్పమంది. చెప్పాను. ఆవిడ రెండు రోజులు ఏవేవో పుస్తకాలు చూసి వచ్చి, ఆట బల్ల దగ్గరే మెల్లిగా చెప్పింది. నాన్న స్తంభం మీద నుంచి పడ్డందుకు జబ్బు రాలేదట. జబ్బు వచ్చింది కాబట్టి పడ్డాడట. తండ్రికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశమట, ఎవరి నాణెం వాళ్ళకి వేరుగా ఎగరేసినట్టు. మందు లేదట.

అక్కా, నీ నాణెం అలా పడిందా?

ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి. ఫోను లేని చోటికి ఎందుకు వెళ్ళావో, నీ సంగతి ఎందుకు రాయవో, రక్తం అనగానే ఎందుకంత మండిపడ్డావో. కుటుంబసభ్యులలో ఒకరితో రమ్మంటే ఒక్కదానివే వెళ్ళావు. నన్ను తీసుకువెళ్ళాలని నీకు తోచలేదు. నేను నీకు ఎప్పుడూ తొమ్మిదేళ్ళవాణ్ణే కదా.

వచ్చెయ్. నూట పన్నెండు మెట్లు నువ్వు ఎన్నాళ్ళు దిగగలవు? అమ్మ గది కడిగించాను. బీరువాకి అద్దం వద్దని రేకు వేయించాను. మంచానికి ఒక పక్క గోడ, ఇంకో పక్క నేను పడుకునే చాప. నీ షీటు నేను పట్టుకుంటాను అక్కా. నువ్వు నువ్వుగా లేనప్పుడు నిన్ను నేను ఆడతాను, తెల్లారాక నువ్వేం చేశావో నేనే చెబుతాను. మరీ చెడ్డవి ఉంటే చెప్పను. తలుపు తగిలిందంటాను.

నా గురించి బెంగపడకు, నేను శుభ్రంగా ఉన్నాను. కొట్టు మెట్టు మీద తూలి వేలు విరిగింది, అంతకు మించి ఏమీ లేదు. మరలు ఎలాగూ జారుతున్నాయని యజమాని నన్ను బల్ల దగ్గర నుంచి తీసేసి కౌంటరు దగ్గర కూర్చోబెట్టాడు. మంచిదే, నిన్ను చూసుకోవడానికి తీరిక దొరుకుతుంది.

ఏ గురువారం జీపుకి వస్తున్నావో రాయి.

నీ తమ్ముడు


జూలై 25

నాన్నా,

నిన్ను ఎప్పుడూ ఇలా పిలవలేదు, ఈ ఒక్కసారికి పిలవనీ. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈ రెండో జీపు కూడా వెళ్ళిపోతే ఇక నీకు ఎప్పటికీ రాయలేనని తెలిసి, డ్రైవరుని కింద కూర్చోబెట్టి రాస్తున్నాను. హారను కొడుతున్నాడు.

నాకు రాలేదు.

నాన్న పాత ఆసుపత్రి కాగితాలు చూసి, ఇది వంశంలో వచ్చేదేమో అని డాక్టరు అంటే పరీక్ష చేయించుకున్నాను. ఫలితం కాగితంలో నాకు లేదని ఉంది. ఒక్కదాన్నే వెళ్ళాను, ఒక్కదాన్నే మెట్ల మీద కూర్చుని నవ్వాను. నవ్వుతూ నీకు చెబుదామని ఇంటికి వచ్చాను. నువ్వు కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో కళ్ళజోడు బాగుచేస్తున్నావు. బల్ల కింద నీ కుడికాలు ఆడుతోంది. నీకు తెలియకుండా, దాని దారిన అది. నాన్న కాలు మొదట అలాగే ఆడింది. నువ్వు అప్పుడు చిన్నవాడివి, నేను చూశాను. ఎనిమిది రోజులు నీ కాలు చూశాను, చేతులు చూశాను, బీరువా దగ్గర నీ కోపం చూశాను. అద్దం పగిలాక నువ్వు నీ చెయ్యి వంక చూసుకున్నావే, అది ఎవరి చెయ్యో అన్నట్టు, ఆ చూపు చూశాక ఇక ఉండలేకపోయాను. పారిపోయాను. నీటిమట్టం ఎంతుంటే అంత రాస్తే చాలు, అది పెరిగినా తగ్గినా నా తప్పు కాదు. అలాంటి ఉద్యోగం కావాలనుకున్నాను.

డాక్టర్ని అడిగాను, "మా తమ్ముడికైతే?" అని. నయం చెయ్యలేమంది. వణుకు కాస్త తగ్గించే మాత్రలు ఉన్నాయట, జబ్బు నడక మాత్రం ఆగదట. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది అతని ఇష్టం, మీరు బలవంతపెట్టకూడదు, అంది. ఆ మాటని సాకుగా పట్టుకుని నాలుగు నెలలు బతికాను. పరీక్ష లేకుండా నేను ఖాయంగా చెప్పలేను నిజమే. కానీ నీ ఉత్తరాల్లో అక్షరాలు నాకు చదవడం వచ్చు.

ఆ నియమం సంగతి. కుర్చీ విసిరిన రోజు మధ్యాహ్నం నువ్వు మంచం కింద దూరి బయటికి రానన్నావు. "అక్కా, నాన్నకి వచ్చింది మనకీ వస్తుందా?" అని అడిగావు. నాకు ఏం తెలుసు? నోటుబుక్కు తెచ్చి, నువ్వు చూస్తుండగా ఆ వాక్యం రాసి, కింద రెండు గీతలు గీశాను. "చూడు, ఇక ఇది నియమం" అన్నాను. అప్పుడు బయటికి వచ్చావు. అదీ ఆ రెండు గీతల కథ.

నా షీటు పట్టుకుంటానన్నావు. ఆ ముక్క చదివాక నీళ్ళ దగ్గరికి దిగలేదు. ఆ పూట కొలత తీయలేదు, రిజిస్టరులో ఖాళీ ఉంది.

నన్ను క్షమించమని అడగను. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

అక్క


ఆగస్టు 9

అక్కా,

పరీక్షకి వెళ్ళలేదు. వెళ్ళను. నా కాలు చెప్పింది చాలు.

నీ మీద కోపంగా ఉంది. ఎనిమిది రోజులు నా కాలు చూసి నా మొహం చూడకుండా వెళ్ళిపోయావు. ఇది నా కోపమా, జబ్బు కోపమా అని రోజంతా ఆలోచించాను, తేల్చుకోలేకపోయాను. ఇక ముందు ప్రతి కోపానికీ ఇదే లెక్క అనుకుంటే భయం వేసింది. అందుకని ఈ ఒక్కదాన్నీ నా పేరున రాసిపెడుతున్నాను. ఆగస్టు తొమ్మిదిన ఉన్న కోపం నాదే.

మాత్రలు మొదలుపెట్టాను. వణుకు తగ్గలేదు కానీ నిద్ర బాగా వస్తోంది. కౌంటరు దగ్గర కూడా వద్దన్నాడు యజమాని, నిన్నటితో సరి. నా బల్ల మీది భూతద్దం ఒక్కటి తెచ్చుకుంటానంటే, పాపం, పెట్టెలో పెట్టి ఇచ్చాడు.

ఆదివారం మావాళ్ళిద్దరికీ చెప్పాను. టీచరు ఏడ్చింది, నాయనమ్మ ఆలోచన తనదేనని. ఆవిడ ఆలోచన వల్ల జబ్బు రాలేదని ఓదార్చడానికి నాకు గంట పట్టింది. కొరియర్ పాచికలన్నీ గుడ్డ మీద ఒకచోట చేర్చి, "అన్నా, మరి గంటవాడి సంగతి ఏం చేద్దాం?" అన్నాడు. వాడికి ఆకు దొరకదని చెప్పాను. "సరే, అలాగే ఆడతాను" అన్నాడు. ఇక కథ వాడే నడుపుతాడు. నేను చెప్పింది మధ్యలో మరిచిపోతున్నాను.

ఏం చెయ్యమన్నా చేస్తానన్నావు కదా. దీంతోపాటు ఒక కాగితం పెట్టాను, నా షీటు. రాయడానికి మూడు రోజులు పట్టింది, గీతలు దాటాయని ఎగతాళి చెయ్యకు. పేరు దగ్గర నత్త అని రాశాను. పని: అద్దాలు బిగించడం. బలం తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి పెన్సిలుతో వేశాను, నువ్వే చెరిపి దిద్దుకో. సంచిలో భూతద్దం, నీలం అట్ట నోటుబుక్కు. వెనక వైపు నేను ఎప్పుడూ చెయ్యని పనులు రాశాను. కుర్చీ విసరను. అక్కని బూతులు తిట్టను. తెలిసినవాళ్ళని ఎవరని అడగను. అవి చేసినప్పుడు తీసి చదువుకో, నాకు చూపించకు.

నాకు తెల్లారాక ఏం చెప్పాలంటావా? నీకు చెబుతానన్నదే నాకూ చెప్పు. తలుపు తగిలిందను.

నువ్వు వచ్చినా రాకపోయినా షీటు మాత్రం నీ దగ్గరే ఉండాలి. ఇంకెవరికి ఇవ్వను?

అన్నిటికన్నా కింద ఒక గడి ఉంది చూడు, కాటా, పుట్టుకా అని. కాటు దగ్గర టిక్కు పెట్టాను, కింద రెండు గీతలు గీశాను. వంకరగా వచ్చాయి. తెలిసే పెట్టాను అక్కా. మొదటి తోడేలుని ఎవరు కరిచారని టీచరు అడిగితే నువ్వే ఏదో ఒకటి చెప్పుకో.

నత్త